చంటిపిల్లలు లేని విమానం

విమానాశ్రయంలో పనిచేసి రిటైరయ్యానని తెలియగానే, మా గోదావరిఖనిలో పోటీ పరీక్షలకు చదువుకునే అమ్మాయిలు మొట్టమొదట అడిగేది ఎన్ని దేశాలు తిరిగారని. నేనెక్కడికీ తిరగలేదు. నేను కూర్చున్న గదికి రన్‌వే వైపు కిటికీ కూడా లేదు. విమానాల చప్పుడు గోడలోంచి వచ్చేది. మొదట్లో ప్రతిసారీ తలెత్తేదాన్ని, కొన్నాళ్లకు అదీ మానేశాను.

మరి ఏం చేసేవారు అంటారు. చెప్తే వాళ్ల మొహాల్లో ఉత్సాహం తగ్గిపోవడం నాకు కనిపిస్తూనే ఉంటుంది. అయినా చెప్తాను, ఎందుకంటే వాళ్లలో చాలామంది రేపు ఏదో ఒక ఆఫీసులో ఇలాంటి కుర్చీలోనే కూర్చుంటారు.

మీరు విమానం టికెట్ కొన్నప్పుడు ఇచ్చే డబ్బంతా ఎయిర్‌లైన్‌ది కాదు. అందులో కొంత విమానాశ్రయానిది. టెర్మినల్ కట్టినందుకు, నడుపుతున్నందుకు ప్రతి ప్రయాణికుడూ కట్టాల్సిన రుసుము అది. గేటు దగ్గర నిలబెట్టి వసూలు చేస్తే విమానాలు కదలవు కాబట్టి, టికెట్‌తో కలిపి ఎయిర్‌లైనే తీసుకుని తర్వాత మాకు కడుతుంది. కట్టేటప్పుడు ఒక రిపోర్టు పంపుతుంది. మొత్తం ఎంతమంది ఎక్కారు, వాళ్లలో రుసుము అక్కర్లేనివాళ్లు ఎందరు అని. రెండేళ్లలోపు పిల్లలకు రుసుము లేదు. డ్యూటీలో ఉన్న విమాన సిబ్బందికి లేదు. ఒక విమానం దిగి వెంటనే ఇంకోటి ఎక్కేవాళ్లకు లేదు. మిగతా అందరి తరఫునా డబ్బు రావాలి. ఆ రిపోర్టులు సరిచూడటమే మా సెక్షన్ పని. అప్పట్లో గేట్ల దగ్గర ఇప్పటిలాంటి యంత్రాలు అన్నిచోట్లా లేవు. చాలావరకు వాళ్లు రాసి పంపిందే మాకు ఆధారం.

ఇక మా బావ సంగతి చెప్పాలి. మా అక్క భర్త ఆయన. వాళ్లది గోలేటి. వాళ్ల నాన్నా మా నాన్నా ఇద్దరూ బొగ్గు బావుల్లో చేసినవాళ్లే, ఒకే చర్చికి వెళ్లేవాళ్లు. పెళ్లి సంబంధం కూడా అక్కడే కుదిరింది. బావ బీకాం చదివి మంచిర్యాలలో ఒక సిమెంటు దుకాణంలో లెక్కలు రాసేవాడు. గల్ఫ్‌కు విమానాలు నడిపే ఒక చిన్న ఎయిర్‌లైన్ మా విమానాశ్రయంలో ఆఫీసు తెరిచి మనుషుల్ని తీసుకుంటోందని నేనే ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. బావ ఇంటర్వ్యూకు వచ్చాడు, ఉద్యోగం వచ్చింది. అక్క, పిల్లలు గోలేటిలోనే ఉండిపోయారు. బావ నగరంలో ఇంకో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉంటూ శనివారాలు రైలెక్కి ఇంటికి పోయేవాడు. మెళ్లో ఐడీ కార్డుతో ఆయన గోలేటి వీధిలో నడుస్తుంటే మా అక్క ఇంటి ముందుకొచ్చి నిలబడి చూసేదట. కొన్నాళ్లకు ఆ ఎయిర్‌లైన్ నుంచి మాకు వచ్చే రిపోర్టుల మీద బావే సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన సంతకం చూసినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా ఉండేది.

మా సెక్షన్‌లో నా పక్కన గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చునేది. ఒకరోజు బావ వాళ్ల రిపోర్టు నా బల్ల మీద పెట్టి నవ్వింది. "మీ వైపు మగవాళ్లు గల్ఫ్‌కు పోతూ పోతూ చంటిపిల్లల్ని ఎత్తుకుపోతున్నారేమిటే?" అంది.

నేనూ నవ్వాను. నవ్వుతూనే మళ్లీ చూశాను. రుసుము అక్కర్లేని చంటిపిల్లల సంఖ్య ఆ నెల ఎక్కువగా ఉంది. వెనక నెలల రిపోర్టులు తీయించాను. అవి మా ఆఫీసరు పాస్ చేసినవి, కింద సంతకం తప్ప లోపలి అంకెలు నేనెప్పుడూ చూడలేదు. నెలనెలా పిల్లలు పెరుగుతూ వచ్చారు. మొత్తం ప్రయాణికులు మాత్రం పెరగలేదు, కాబట్టి మాకు కట్టే రుసుము నెలనెలా తగ్గింది. వేరే ఎయిర్‌లైన్ల గల్ఫ్ విమానాల్లో లేని పిల్లలు ఈ ఒక్క ఎయిర్‌లైన్‌లోనే ఎందుకున్నారు?

ఆ రోజంతా బావ సంతకం కళ్లముందు నుంచి పోలేదు. మర్నాడు పాస్ తీసుకుని వాళ్ల విమానం బయల్దేరే గేటు దగ్గరికి వెళ్లాను. అది నా పని కాదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకోలేదు.

గేటు దగ్గర కుర్చీల నిండా మగవాళ్లు. కొత్త చొక్కాలు, కాళ్లకు కొత్త చెప్పులు. కొందరు పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నారు. ఒక చివర రెండు కుటుంబాలున్నాయి. ఒక తల్లి ఒళ్లో ఒక బిడ్డ. అంతే. నేను ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను, ఎవరినైనా చూడకుండా వదిలేశానేమోనని. తిరుగుతుంటే ఒకతను, "అక్కా, ఎవరినన్న దేవులాడుతున్నవా?" అన్నాడు.

మన మాట వినగానే పక్కన కూర్చున్నాను. కమాన్‌పూర్ అతనిది. ఓపెన్‌కాస్టు బొగ్గు గని కోసం వాళ్ల భూమి పోయిందట. పరిహారం వచ్చింది, అది ఇల్లు కట్టడానికే సరిపోయింది. ఇప్పుడు ఎడారిలో ఒక కంపెనీలో పనికి పోతున్నాడు.

"మీ బ్యాచుల చంటిపిల్లలు ఎవరన్న పోతున్నరా?" అని అడిగాను.

అతను నన్ను వింతగా చూశాడు. "పిల్లలా అక్కా? పిల్లల్ని ఇడిచిపెట్టే కదా పోతున్నం. మా చిన్నది ఇంక నడుస్తనే లేదు."

వాళ్లను పిలిచారు. వరసలో ఒకరి వెనక ఒకరు పోయారు. ఆఖరి మనిషి పోయేదాకా నిలబడే ఉన్నాను. కొన్నాళ్లకు ఆ విమానానికి సంబంధించిన రిపోర్టు వచ్చింది. ఆ ఒక్క తల్లి ఒళ్లోని బిడ్డకు తోడుగా కాగితం మీద పెద్ద గుంపే పుట్టింది.

ఆఫీసరుకు చెప్పాను. ఆయన చాలా మంచి మనిషి, రిటైర్మెంటు దగ్గర పడినవాడు. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. అంతా విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వెనక నెలలవి నేనే పాస్ చేశాను కదమ్మా."

"అవును సార్."

"సెలవులు, కుటుంబాలు వెళ్తున్నాయేమో అనుకున్నాను. అనుకోవడం తేలిక కదా."

అప్పుడు చెప్పాను, ఆ రిపోర్టుల మీద సంతకం మా అక్క భర్తదని. ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు, నన్ను సరిగ్గా చూడటానికి అన్నట్టు.

"అయితే ఈ ఫైలు మీరు ముట్టుకోకూడదు. మీరు ముట్టుకోకపోతే ఇంకెవరూ ముట్టుకోరు. సోమవారం నేనే పైకి పంపిస్తాను."

"ఆదివారం మా అక్కావాళ్లింటికి పోతున్న సార్."

ఆయన ఫైలు మూసి సొరుగులో పెట్టాడు. "వెళ్లండి. కాగితాలేవీ తీసుకెళ్లకండి," అన్నాడు.

బెల్లంపల్లిలో రైలు దిగి ఆటోలో గోలేటికి పోయేసరికి అందరూ చర్చి నుంచి వచ్చి ఉన్నారు. ఎండ మండుతోంది. కూలరు శబ్దంలో ఎవరి మాట ఎవరికీ వినపడటం లేదు. అక్క కోడికూర వండింది. నేను కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటే, "పట్నం పోయి తినుడు కూడ మరిసినవా?" అంది. తిన్నాక బావను బయటికి పిలిచాను. కాలనీ గ్రౌండు పక్కన వేపచెట్ల కింద నిలబడ్డాం.

"బావా, ఆ రిపోర్టుల పిల్లలు యాడికెళ్లి వస్తున్నరు?"

ఆయన తడబడలేదు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతానని తెలిసినట్టే ఉన్నాడు. "హెడ్డాఫీసుకెళ్లి. అంకెలు ఆళ్లు పంపుతరు. నేను సంతకం పెడుత."

"ఎందుకు పెడుతున్నవ్?"

"పెట్టకుంటే ఇంకోడు పెడుతడు, నేను ఇంట్ల కూసుంట. ఇప్పటికే జీతాలు సక్కగ వస్తలేవు. అక్కకు చెప్పకు. ఆ పైసలు పెట్టి విమానంల ఆయిల్ కొట్టిస్తున్నరు మరదలా. ఆయిల్ లేకుంటే విమానం లెవ్వదు. విమానం లెవ్వకుంటే మా నౌకర్లు లేవు. కొత్తగ లోన్ వస్తదట. రాంగనే మీ బాకీ కట్టేస్తమంటున్నరు. జర ఆగు."

"నా చేతుల లేదు. ఆఫీసరుకు చూపిచ్చిన. రేపు పైకి పోతది."

బావ నా మొహంలోకి చూశాడు. "చూపిచ్చినవా?"

"చూపిచ్చిన."

ఆయన అటు తిరిగాడు. గ్రౌండులో ఎవరో ఆడుతున్నారు, ఆ ఎండలో కూడా. "ఈ నౌకరి ఉందని నువ్వే చెప్తివి," అన్నాడు.

అప్పుడు నేను కమాన్‌పూర్ మనిషి గురించి చెప్పాను. అతను అన్నది అన్నట్టు చెప్పాను. "ఆళ్లు కట్టిన పైసలు బావా అవి. ఆళ్ల పేరు మీద లేని పిల్లల్ని రాస్తున్నరు. రేపు గొడవైతే హెడ్డాఫీసోళ్లు రారు, నిన్ను ముందట నిలబెడుతరు. సంతకం నీది. నువ్వే ముందుగాల చెప్పు."

"చెప్పి ఏం తినాలె?"

మీకు ఉద్యోగ ధర్మం గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు నాకు దొరకలేదు.

ఇంటికి తిరిగొస్తుంటే అక్క గుమ్మంలోనే ఉంది. మా ఇద్దరి మొహాలూ చూసింది. బావ నేరుగా లోపలికి పోయాడు. నేను సంచీ తీసుకుని బయల్దేరబోతే అక్క ఆటో దాకా వచ్చింది.

"ఏమైందో నాకు తెల్వది," అంది. "కాని ఆయనకు నీతోని ఏమన్న అయితే నా ఇంటికి రాకు."

సోమవారం ఫైలు పైకి పోయింది. ఎయిర్‌లైన్ వాళ్లను మాట్లాడటానికి పిలిచారని, ఆ వారంలోనే కూర్చుంటారని తెలిసింది. ఆ రోజులు ఎలా గడిపానో చెప్పలేను. ఒకచోట కూర్చోలేకపోయేదాన్ని. చేతిలో ఉన్న రిపోర్టు వదిలేసి లేచి వరండాలో నడిచేదాన్ని. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బావకు చెయ్యలేదు, చేస్తే తప్పవుతుందని. ఒకసారి దూరంగా టెర్మినల్‌లో ఆయన కనిపించాడు. చేతిలో టీ గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. నేను వేరే దారిన వెళ్లిపోయాను. నేను చేసింది సరైనదేనని నాకు నేను చెప్పుకునేదాన్ని. చెప్పుకున్న మరుక్షణం అక్క మొహం కనిపించేది.

మీటింగు రోజున బల్లకు ఒకవైపు మా ఫైనాన్స్ పెద్దాయన, మా ఆఫీసరు. ఇంకోవైపు ముంబై నుంచి వచ్చిన ఎయిర్‌లైన్ మేనేజరు, ఆయన పక్కన మా బావ. గేటు దగ్గర చూసింది చెప్పమని నన్ను పిలిచారు. నేను చెప్పకముందే మా ఆఫీసరు లేచి, ఈమె వారికి మరదలవుతుంది, ఆ సంగతి ముందే నాకు చెప్పింది అని అందరికీ వినపడేలా చెప్పాడు. ఆయన గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే.

మేనేజరు నవ్వాడు. ఇంట్లో గొడవలు ఆఫీసుకు తెచ్చినట్టున్నారని ఇంగ్లీషులో అన్నాడు. గల్ఫ్‌లో ఇప్పుడు కుటుంబాలు స్థిరపడుతున్నాయని, పిల్లలు పెరగడం సహజమేనని, ఒక్క విమానం చూసి నెలల లెక్క తేల్చలేరని చెప్పుకుంటూ పోయాడు. మాటలు చాలా బాగున్నాయి. వింటుంటే నాకే ఒక నిమిషం అనుమానం వచ్చింది, ఆ రోజు నేను సరిగ్గా చూశానా అని.

మా పెద్దాయన ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగి, బావ వైపు తిరిగాడు. "సంతకం మీదే కదా. ఈ పిల్లలు విమానం ఎక్కారా?"

మేనేజరు బావ మోచేతి మీద చెయ్యి వేశాడు, ధైర్యం చెప్తున్నట్టు. బావ ఆ చేతి వైపు చూశాడు.

"ఎక్కలేదు సార్," అన్నాడు బావ.

మా పెద్దాయన రాసుకోవడానికి కలం తీశాడు.

"మా దిక్కు నుంచి పోయేటోళ్లు సార్ ఎక్కువ. కమాన్‌పూర్, మంథని, గా ఊర్లోళ్లు. పిల్లల్ని ఇంటికాడ ఇడిచి పోతరు. ఎత్తుకొని ఎవ్వలు పోతరు సార్? అంకెలు మాకు పై నుంచి వస్తయి. నేను సంతకం పెట్టిన. పెట్టుడు తప్పే."

మేనేజరు చెయ్యి తీసేశాడు. బావ లేచి, ఇంకేమైనా అడుగుతారా అన్నాడు. ఎవరూ అడగలేదు. ఆయన నా పక్క నుంచే బయటికి పోయాడు, నా వైపు చూడలేదు. సాయంత్రానికి ఆయన ఐడీ కార్డు తీసేసుకున్నారని తెలిసింది. తప్పుడు రిపోర్టులిచ్చాడని ఎయిర్‌లైన్ ఆయన్నే ఉద్యోగంలోంచి తీసేసింది.

ఆ తర్వాత జరిగింది త్వరగా జరిగింది. ఇకమీదట ఏ విమానానికి ఆ విమానం బయల్దేరేలోపే రుసుము కట్టాలని, ఎక్కేవాళ్లను మా మనుషులే గేటు దగ్గర లెక్కపెడతారని ఎయిర్‌లైన్‌కు చెప్పారు. వాళ్లు కొన్నాళ్లు కట్టారు. తర్వాత ఒక్కో విమానం ఆపుకుంటూ వచ్చి, ఒకరోజు కౌంటరు మూసేశారు. తిరుగు టికెట్లు చేతిలో పట్టుకున్నవాళ్లు ఎంతమంది గల్ఫ్‌లో ఇరుక్కున్నారో నాకు తెలియదు. కమాన్‌పూర్ మనిషి ఎలా ఇంటికొచ్చాడో తెలియదు. మేం చెప్పబట్టి ఆ ఎయిర్‌లైన్ మునిగిందా, మునిగేదే మునిగిందా? ముందే చెప్పి ఉంటే ఇంకొంతమంది ఆ టికెట్లు కొనకపోయేవాళ్లా? ఈ ప్రశ్నలు నన్ను వదల్లేదు. ఇప్పటికీ పొద్దున గోదావరి ఒడ్డు దాకా నడిచేటప్పుడు ఇవే తిరుగుతుంటాయి, అడుగులు తెలియకుండానే వేగమవుతాయి.

వెనక నెలల రిపోర్టులు సరిచూడకుండా పాస్ చేశారని మా ఆఫీసరుకు మెమో ఇచ్చారు. రిటైరైన రోజున ఆ మెమో కూడా సంచీలో పెట్టుకుని, జ్ఞాపికలన్నిటిలో ఇదే బరువుగా ఉందమ్మా అని నవ్వాడు. నన్ను వాహనాల పార్కింగ్ వసూళ్ల సెక్షన్‌కు మార్చారు. అక్కడ మా బంధువులెవరూ లేరని పైవాళ్లకు ధైర్యం.

బావ గోలేటికి పోయాడు. ఓపెన్‌కాస్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర లారీల రాకపోకలు రాసే పని చేశాడు. దుమ్ము పడక మానేసి ఒక ప్రైవేటు స్కూల్లో క్లర్కుగా చేరాడు. అక్క నాతో మాట్లాడటం మానేసింది. చెల్లె నా మొగుని నౌకరి తీసేయించింది అని చుట్టాలందరికీ చెప్పింది. నాకు చేరేది. పెళ్లిళ్లలో నేను కూర్చున్న వరసలో కూర్చునేది కాదు. క్రిస్మస్‌కు నేను పంపిన బట్టలు మా అమ్మ ఇంట్లోనే ఉండిపోయేవి. నేను ఎదురు చెప్పలేదు. నిజానికి ఆఫీసరుకు చూపించింది నేనే కదా. మీటింగులో జరిగింది బావ ఇంట్లో చెప్పే ఉంటాడు, అయినా కోపం తగ్గలేదు, తగ్గినప్పుడు తగ్గుతుంది అనుకున్నాను. బావ ఎక్కడైనా ఎదురైతే, బాగున్నవా అనేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఏళ్లు గడిచాయి. వాళ్ల పెద్దమ్మాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరి, తల్లిదండ్రుల్ని చూడాలనుందని విమానం టికెట్లు పంపింది. నేను అప్పటికే రిటైరై ఇక్కడికి వచ్చేశాను. ఒక పొద్దున ఫోన్ మోగింది. అక్క.

"మాకు లోపట ఎటు పోవాల్నో తెల్వది. ఆయనకు తెలుసు గని ఆయన మర్సిపోయిండు. నువ్వొస్తవా?" అంది. ఇన్నేళ్ల తర్వాత మొదటి మాట అది. నేను పర్సు తీసుకుని రామగుండం స్టేషనుకు బయల్దేరాను. వాళ్లు వచ్చే రైలే ఎక్కాను.

విమానాశ్రయం బయట, లోపలికి పోయే తలుపుల దగ్గర, బావ జేబులోంచి టికెట్ల కాగితం తీశాడు. ఆ ఎయిర్‌పోర్టులో అన్నాళ్లు పనిచేసిన మనిషి, విమానం ఎక్కడం అదే మొదటిసారి. అక్క కాగితం అందుకుని వేలు పెట్టి ఒక్కో గీతా చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"మీ ఎయిర్‌పోర్టు ఫీజంటే గిదేనా?" అంది నాతో.

"గదే."

"గిందుకేనా మీరిద్దరు కొట్లాడింది?"

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "మేం కొట్లాడలే. మీటింగుల ఆమె చెప్పిందే నేను చెప్పిన. పిల్లలు లేరు అని. గందుకే నన్ను తీసేసిండ్రు."

అక్క ఆయన వైపు తిరిగింది. చుట్టూ జనం సూట్‌కేసులు లాక్కుంటూ పోతున్నారు. ఆమె కదల్లేదు. నాకు అప్పుడు అర్థమైంది, ఇన్నేళ్లూ ఆ సంగతి ఆమెకు తెలియదని.

"నువ్వు చెప్పినవా? నీ అంతట నువ్వే?"

"ఆ."

"మరి నాకెందుకు చెప్పలే?"

బావ సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నువ్వు అప్పటికే మీ చెల్లె మీద కోపంగ ఉంటివి. చెప్తే గా కోపమంత నా మీదికి వస్తదని ఊకున్న."

అక్క తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందని కూడా అనుకున్నాను. టికెట్ల కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. పెట్టిన చేతిని తీయకుండా, నా వేళ్లు పట్టుకుంది.

"లోపటికి పోయేదాక చెల్లె నా పక్కపొంటి నడుస్తది," అంది ఆయనతో. "నువ్వు సంచులన్ని పట్టుకొని ఎనుక రా."